నోటు బొమ్మ దగ్గర ప్రింటర్ ఆగిపోయింది, పోలీసులు వస్తారా?

ప్రశ్న: నమస్కారమండీ. నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి లెక్కలు చెబుతాను. డబ్బు పాఠం కోసం పిల్లలకు ఆట నోట్లు ఇద్దామని పది, ఇరవై, వంద, ఐదొందల నోట్లు ఇంట్లోనే స్కాన్ చేసి, నాలుగూ ఒక పేజీలో పెట్టి ప్రింట్ ఇచ్చాను. కొని నెల కూడా కాని కలర్ ప్రింటర్. పైన ఒక అంగుళం మేర పడి ఆగిపోయింది. మిగతా కాగితం తెల్లగా వచ్చి, దానిమీద ఇంగ్లిషులో ఏదో వెబ్‌సైటు పేరు అచ్చయింది. రెండోసారి ఇచ్చినా అంతే. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఫొటోషాప్ తెరిచి చూస్తే, నోట్ల బొమ్మలకు ఒప్పుకోనని మెసేజ్ వచ్చింది. మా వీధి చివర జిరాక్సు అబ్బాయి "ఇప్పటికే పోలీసులకు తెలిసిపోయి ఉంటుంది మేడమ్" అన్నాడు. మా మరిదేమో "ఇంకో దారిలో ప్రింట్ తీయొచ్చు వదినా, నేను చూసుకుంటాలే" అంటున్నాడు. రెండు రోజులుగా నిద్ర లేదు. సోమవారం పాఠం మొదలుపెట్టాలి. ఇంకో సంగతి: మా ఆయన లోను కోసం చెక్కు జిరాక్సు తీయిస్తే కాపీ మీద "వాయిడ్" అని అక్షరాలు పడ్డాయి. అదీ ఇలాంటిదేనా? ఆ చెక్కు ఇక చెల్లదా?
– ఒక టీచర్, గుంటూరు

జవాబు:

టీచర్ గారూ, ముందు ఈ రాత్రి హాయిగా నిద్రపోండి. మీ ప్రింటర్ పాడవలేదు. దాన్ని సర్వీసు సెంటర్‌కు మోసుకెళ్ళాల్సిన పని లేదు. పోలీసులకు మెసేజ్ వెళ్ళిందన్న మాటకూ ఆధారం లేదు. నోట్ల బొమ్మల్ని గుర్తుపట్టే ఈ ఏర్పాటు వెనక పలు దేశాల కేంద్ర బ్యాంకులు కలిసి పెట్టుకున్న ఒక బృందం ఉంది. కంప్యూటర్ వాడకాన్ని వెంటాడి చూసే శక్తి ఈ టెక్నాలజీకి లేదని ఆ బృందమే రాతపూర్వకంగా చెప్పింది. గుర్తుపట్టడం, ఆపడం, రెండూ మీ టేబుల్ మీదే జరిగిపోతాయి. మీ కాగితం మీద అచ్చయిన వెబ్‌సైటు కూడా వాళ్ళదే అయి ఉంటుంది. ఏ దేశంలో నోటు బొమ్మ వాడుకోవడానికి ఏ నిబంధనలున్నాయో చెప్పే పేజీ అది. జిరాక్సు అబ్బాయి ఏదో విని అనేసి ఉంటాడు, అతని మీదా కోపం పెట్టుకోకండి.

మరి అది నోటని యంత్రానికి ఎలా తెలిసింది? దీనికి రెండు దారులున్నాయి. మొదటిది కంటికి కనిపించేదే, కానీ ఎవరూ చూడరు. చాలా దేశాల నోట్ల మీద మిల్లీమీటరు సైజులో ఐదు చిన్న వలయాలు ఒక ప్రత్యేకమైన పొందికలో ఉంటాయి. పసుపు, ఆకుపచ్చ, నారింజ లాంటి రంగుల్లో, డిజైన్‌లో కలిసిపోయేలా వేస్తారు. అమెరికా ఇరవై డాలర్ల నోటు మీద చిన్న చిన్న పసుపు "20"లు చల్లినట్టు ఉంటాయి, వాటిలోని సున్నాలే ఆ వలయాలు. బ్రిటన్‌లో ఒకప్పటి ఇరవై పౌండ్ల నోటు మీద సంగీత స్వరాల గుర్తుల్లో వాటిని దాచారు. కలర్ కాపీయర్ ఆ ఐదు వలయాల అమరికను చూసిందంటే ఇది నోటు అనుకుంటుంది. 2002లో కేంబ్రిడ్జిలో మార్కస్ కూన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, నోటు పెడితే కాపీ ఇవ్వని ఒక కలర్ కాపీయర్‌తో ప్రయోగాలు చేస్తూ ఈ గుట్టు పట్టుకున్నాడు. వలయాల అమరిక చూస్తే ఆయనకు ఓరయన్ నక్షత్ర మండలం గుర్తొచ్చింది. మన మృగశిర, ఆర్ద్ర ఉండే చోటు అది. యూరోను దానికి కలిపి "యూరియన్" అని పేరు పెట్టాడు. ఆ పేరే జనంలో నిలిచింది. మన దేశానికీ ఇది కొత్త కాదు. 2005 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన పత్రికా ప్రకటనలో ఫొటోకాపీని అడ్డుకునే లక్షణం గురించి చెబుతూ "ఓమ్రాన్" అన్న పేరు వాడారు. అది ఒక జపాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ పేరు.

రెండో దారి సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. మీ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో అడ్డుపడింది ఇదే. ఇది ఆ వలయాల మీద ఆధారపడదు, బొమ్మలో కంటికి ఆనని వేరే గుర్తును పట్టుకుంటుంది. ఫొటోషాప్‌లో ఇది 2003లో వచ్చిన వెర్షన్‌తో మొదలైంది. కొన్నవాళ్ళకు మాత్రం ముందు ఎవరూ చెప్పలేదు. నోటు బొమ్మ తెరవబోయి మెసేజ్ చూసినవాళ్ళు గోల చేశాక, 2004 జనవరిలో గానీ అందరికీ తెలియలేదు.

ఈ చెప్పకపోవడం దగ్గరే నాకు బాధ. విజయవాడ గవర్నర్‌పేటలో నేను చాలా ఏళ్ళు డీటీపీ, జిరాక్సు షాపు నడిపాను. ఒకసారి పెళ్ళికొడుకు మేనమామ ఒకాయన శుభలేఖ నమూనా పట్టుకొచ్చాడు. వెయ్యి రూపాయల నోటును స్కాన్ చేసి, గాంధీగారి బొమ్మ ఉండే చోట వధూవరుల ఫొటో పెట్టించాడు. అప్పట్లో అదొక సరదా. అద్దం మీద పెట్టి బటన్ నొక్కితే కాగితం మొత్తం నల్లగా, బొగ్గు పూసినట్టు వచ్చింది. ఇంకోటి తీస్తే అదీ నలుపే. డ్రమ్ము పోయిందనుకుని మెకానిక్‌కు ఫోన్ చేశాం. ఆయన మధ్యాహ్నానికి వచ్చి, మా అబ్బాయి పుట్టినరోజు ఫొటో పెట్టి తీస్తే నిగనిగలాడుతూ వచ్చింది. మళ్ళీ శుభలేఖ పెడితే నలుపు. "ఇది డబ్బు అనుకుంటోంది సార్" అన్నాడు. పూట పని పోయింది, విజిటింగ్ చార్జీ పడింది, ఇంటి నిండా చుట్టాలతో ఆ మేనమామ కంగారు వేరే. అమ్మినవాళ్ళు చేతిలో పెట్టిన లావుపాటి పుస్తకంలో ఈ విషయం గురించి ఒక్క ముక్క కూడా లేదు. మీలాంటి టీచరు రెండు రాత్రులు నిద్ర మానుకున్నారంటే కారణం అదే. ప్రింటర్ డబ్బా మీద ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది.

అయినా ఆ అడ్డు ఉండాల్సిందే అంటాను. ఎందుకంటే ఇంకో పొద్దున నాకు గుర్తుంది. కాళేశ్వరరావు మార్కెట్లో ఆకుకూరలు అమ్మే ఒకామె ఐదొందల నోటు మడిచి పట్టుకుని షాపుకొచ్చింది. "ఇది నిజందేనా చూడు నాయనా, నువ్వు కాయితాల పనిలో ఉంటావుగా" అంది. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. మామూలు బాండ్ పేపరు. మడత పడ్డ చోట రంగు లేచిపోయి తెల్లని గీత కనిపిస్తోంది. అసలు నోటును అటూ ఇటూ వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. దీని మీద దారం ఉండాల్సిన చోట ఒక గీత అచ్చయి ఉంది, ఎంత వంచినా అదే రంగు. ముందు రోజు చీకటి పడే వేళ ఎవరో ఎనభై రూపాయల కూరలు కొని ఈ నోటు ఇచ్చారట. ఆమె నాలుగొందల ఇరవై తిరిగిచ్చింది. కూరలూ పోయాయి, చిల్లరా పోయింది. "బ్యాంకులో ఇస్తే మార్చరా?" అని అడిగింది. మార్చరు. దొంగ నోటని తేలితే దానిమీద ముద్ర వేసి ఉంచేసుకుంటారు, రసీదు ఇస్తారు, డబ్బు మాత్రం రాదు. ఒకేసారి నాలుగు నోట్ల దాకా అయితే బ్యాంకు నెలాఖరు నివేదికలో పోలీసులకు తెలుపుతుంది. ఐదు, అంతకు మించితే ఎఫ్‌ఐఆర్ దాకా వెళ్తుంది. పోనీ తెలిసి తెలిసీ ఇంకొకరికి అంటగడదామంటే అదీ నేరమే. ఆమె ఆ నోటును మళ్ళీ నాలుగు మడతలు వేసి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. కలర్ ప్రింటుతో చేసే దొంగ నోటు చివరికి చేరేది ఇలాంటి చేతుల్లోకే, మసక వెలుతురులో, తొందరలో. మిర్చి యార్డులో టిక్కీలు (మిరపకాయల బస్తాలు) అమ్మి నోట్ల కట్టలు లెక్కపెట్టుకునే రైతు కూడా ఆ వరసలోనే ఉన్నాడు. అందుకే మీ ప్రింటర్ ఆగినందుకు నాకు సంతోషం.

ఇప్పుడు మీ మరిది మాట. ఆయన ప్రేమతోనే అని ఉంటారు. కానీ "వద్దు బాబూ" అని గట్టిగా చెప్పండి. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 178వ సెక్షన్ దొంగ నోట్ల తయారీకి యావజ్జీవం దాకా శిక్ష చెబుతుంది. అది మీకు వర్తించేది కాదు, మీ మనసులో ఏముందో ఎవరికైనా అర్థమవుతుంది. మీరు చదవాల్సింది 182. నోటును పోలిన కాగితం దేనికోసమైనా సరే తయారుచేస్తే, వాడితే, ఇంకొకరికి ఇస్తే 300 రూపాయల దాకా జరిమానా. "దేనికోసమైనా" అన్న మాట గమనించండి, పిల్లల పాఠం కోసమే అన్న మినహాయింపు అందులో రాయలేదు. జరిమానా చిన్నదే. కానీ ముప్పై మంది పిల్లల జేబుల్లో ఐదొందల నోటు సైజులో, అదే రంగులో, అదే బొమ్మతో కాగితాలు ఇంటికి వెళ్తాయి. అందులో ఒక్కటి ఏ తాతగారి చొక్కా జేబులోకో చేరి, అక్కడి నుంచి పాలబ్బాయికి వెళ్తే? ఇది ఊరికే భయపెట్టడానికి అనడం లేదు. 2017 ఫిబ్రవరిలో ఢిల్లీ సంగం విహార్‌లో ఒక ఏటీఎం నుంచి "చిల్డ్రన్ బ్యాంక్" అని రాసి ఉన్న రెండు వేల నోట్లు బయటికొచ్చాయి. ఆట నోట్లు, పేరు కూడా మార్చినవి, అయినా మెషిన్‌లోకి చేరాయి.

మీ దగ్గరున్న ఆ అంగుళం ముక్కల్ని చింపి పారేయండి, స్కాన్ ఫైలు తీసేయండి. అంతటితో సరి.

మీరు అడగలేదు కానీ, స్కూల్లో పెద్ద కలర్ లేజర్ మెషిన్ ఉంటే ఇంకో విషయం తెలుసుకోవాలి. మీ జిరాక్సు అబ్బాయి వినికిడి మాటకు మూలం బహుశా ఇదే. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు, కాపీయర్లు తాము తీసే ప్రతి కాగితం మీదా కంటికి ఆనని పసుపు చుక్కలు వేస్తాయి. ఒక్కో చుక్క మిల్లీమీటరులో పదో వంతు. జిరాక్స్ కంపెనీ 1980ల మధ్యలో ఈ పద్ధతి తయారుచేసింది. నోట్లు అచ్చేసేవాళ్ళ చేతికి కలర్ కాపీయర్లు దొరుకుతాయన్న ప్రభుత్వాల భయాన్ని తీర్చడానికే అది. 2005లో అమెరికాలో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ళు ఒక రకం మెషిన్ చుక్కల్ని చదివి చూపించారు. అడ్డంగా 15, నిలువుగా 8 చుక్కలు పట్టే గడి. అందులో మెషిన్ సీరియల్ నంబరు, ప్రింట్ తీసిన తేదీ, సమయం. అదే గడి పేజీ అంతా మళ్ళీ మళ్ళీ పడుతుంది. 2018లో జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి గుర్తులు ఒక్క రకం కాదని, వేర్వేరు కంపెనీలు వేర్వేరు పద్ధతుల్లో వేస్తున్నాయని చూపించారు.

నేను కూడా చూశాను. మా షాపులో తీసిన కలర్ లేజర్ కాగితం ఒకటి రాత్రి లైట్లన్నీ ఆర్పి, నీలం రంగు ఎల్‌ఈడీ లైటు కింద పెట్టి, వాచీ రిపేరు చేసే భూతద్దంతో అంచు దగ్గర తెల్లటి చోట వెతికాను. మొదట ఏమీ లేదు. కళ్ళు అలవాటు పడ్డాక, సన్నటి నల్ల నలుసుల్లా ఒక్కొక్కటే తేలాయి. నీలి వెలుగులో పసుపు నల్లగా కనిపిస్తుంది కదా. ఎన్నో వేల కాగితాలు కట్టలు కట్టి జనానికి ఇచ్చాను, వాటి మీద నా మెషిన్ గుర్తు ఉందని నాకే తెలియదు. ఆ రాత్రి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఈ చుక్కలు కూడా ఎక్కడికీ మెసేజ్ పంపవు. కాగితం ఎవరి చేతికైనా చిక్కి, చదవడం తెలిసినవాళ్ళు చదివితేనే ఏదైనా తెలుస్తుంది. కానీ నోటు దగ్గర ఆగడం వేరు, ఇది వేరు. ముందే చెబితే, నోటు కాపీ ఆపడం వల్ల నిజాయతీపరుడికి పోయేదేమీ లేదు. చుక్కలు మాత్రం దొంగ నోటు మీదా పడతాయి, పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీదా పడతాయి, పై అధికారి లంచం గురించి పేరు రాయకుండా పంపిన అర్జీ మీదా పడతాయి. 2017లో అమెరికాలో బయటికొచ్చిన ఒక రహస్య పత్రం స్కాన్‌లో ఈ చుక్కలు కనిపించాయి, అది ఏ రోజు ప్రింట్ అయిందో జనం వాటిని బట్టి చదివేశారు. కొనేవాళ్ళకు చెప్పకుండా ఇలాంటిది పెట్టడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఇంట్లో మీరు వాడేది ఇంకు పోసే రకం అయితే ఈ చుక్కల బెంగ అక్కర్లేదు, ఇది కలర్ లేజర్ మెషిన్ల సంగతి.

ఇక సోమవారం పాఠం. నోటు అచ్చు గుద్దినట్టు ఉండాల్సిన అవసరమే లేదు. పిల్లలు విలువను ముందు రంగుతోనే పట్టుకుంటారు. అట్ట ముక్కలు తీసుకోండి. పదికి చాక్లెట్ రంగు, ఇరవైకి ఆకుపచ్చ కలిసిన పసుపు, యాభైకి నీలం, వందకు లావెండర్, రెండొందలకు ముదురు పసుపు, ఐదొందలకు బూడిద రంగు. ఇవి ఇప్పటి నోట్ల రంగులే. సైజు మాత్రం బాగా మార్చండి. అసలు ఐదొందల నోటు 150 మి.మీ. పొడవు, 66 మి.మీ. వెడల్పు. మీ అట్ట దానికి రెండింతలు ఉండనివ్వండి. ఒక వైపే గీయించండి, వెనక వైపు ఖాళీ. గాంధీగారి బొమ్మ, రిజర్వు బ్యాంకు పేరు, సంతకం, నంబరు ఏవీ వద్దు. పైన "మూడో తరగతి బ్యాంకు" అని రాయించండి. అసలు నోట్ల వెనక హంపి రథం, కోణార్క్, సాంచి స్తూపం, ఎర్రకోట ఉంటాయి. మీ పిల్లల నోట్ల మీద మన ఊళ్ళు ఉండనివ్వండి. పదికి ఉండవల్లి గుహలు, ఇరవైకి కొండపల్లి బొమ్మ, యాభైకి అమరావతి స్తూపం, వందకు ప్రకాశం బ్యారేజీ, ఐదొందలకు కొండవీటి కోట. ఎర్ర మిరపకాయ గీస్తామని ఎవరైనా పట్టుబడితే దాన్ని రెండొందలకు ఇచ్చేయండి.

నాణేలు నిజమైనవే వాడండి, రూపాయి, రెండు, ఐదు. అసలు నోటు చూపించాల్సి వస్తే పది రూపాయల నోట్లు ఓ ఐదారు తీసుకెళ్ళి గుంపుకొకటి ఇవ్వండి. వెనక్కి తిప్పి, పక్కన నిలువుగా ఉన్న భాషల వరసలో తెలుగు ఎక్కడుందో వెతకమనండి. అక్కడ పదిహేను భాషలున్నాయి, మనది పైనుంచి పద్నాలుగోది, ఉర్దూకు సరిగ్గా పైన. ఆ చిన్న అక్షరాల్లో "పది రూపాయలు" అని చదవగలిగిన పిల్ల ముఖం చూడండి. ఐదొందల నోటు గుర్తులు చెప్పాలంటే రిజర్వు బ్యాంకు వాళ్ళ "పైసా బోల్తా హై" సైటులో బొమ్మలతో వివరంగా ఉంది. దాన్ని ఫోనులోనో ప్రొజెక్టర్ మీదో చూపించండి, ప్రింట్ తీయొద్దు.

మీ ఆయన చెక్కు శుభ్రంగా చెల్లుతుంది. ఇప్పటి చెక్కులకు సీటీఎస్-2010 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం చెక్కు రంగులోనే "వాయిడ్" అనో "కాపీ" అనో అక్షరాలు దాచి ముద్రిస్తారు. దాచడం ఎలాగంటే, అక్షరాలను ఒక సైజు చుక్కలతో, చుట్టూ ఉన్న చోటును ఇంకో సైజు చుక్కలతో నింపుతారు. కంటికి రెండూ ఒకే లేత రంగులా కనిపిస్తాయి. జిరాక్సు మెషిన్ పెద్ద చుక్కల్ని పట్టుకుని, మరీ సన్నవాటిని జారవిడుస్తుంది, దాంతో అక్షరాలు పైకి తేలతాయి. మీ ప్రింటర్‌లా ఇక్కడ మెషిన్ దేన్నీ గుర్తుపట్టి ఆపలేదు, కాగితమే తన పని చేసింది. లోను ఏజెంటు అనుమానపడితే అసలు చెక్కు పక్కన పెట్టి చూపించమనండి, రోజూ చూసేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

సోమవారం ఎలా జరిగిందో తప్పకుండా రాయండి. పిల్లలు గీసిన వంద రూపాయల బ్యారేజీ నోటు ఒకటి కవర్లో పెట్టి పంపితే, నా టేబుల్ అద్దం కింద పెట్టుకుంటాను.